పాతబడిన ఇంటి అలంకరణ విప్పేయడం ఎలా: సీలింగు నుంచి గచ్చు దాకా

ఇల్లు కట్టి పదీ పన్నెండేళ్లయింది. హాల్లో మూడు మెట్ల పీవోపీ సీలింగు, దాని అంచుల్లో నీలం, గులాబీ స్ట్రిప్ లైట్లు. టీవీ వెనక పూల వాల్‌పేపరు. ఒక గోడకు మాత్రం గరుకు గరుకు టెక్స్చర్. వంటింట్లో అద్దంలా మెరిసే ఎర్ర తలుపులు. వీటిలో ఏది తీసేయాలి, తీశాక కింద ఏం బయటపడుతుంది, దాన్ని ఎలా సరిచేయాలి? తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్నది ఇదే.

ఒక్క మాట ముందే. ఫ్యాషన్ మారిందన్న కారణం ఒక్కటే ఉంటే దేన్నీ విప్పకండి. తడిని కనబడకుండా దాచేది, గాలిని అడ్డుకునేది, దుమ్ము పట్టినా చేయి పోక తుడవలేనిది, కాలు జారేది: వీటిని తీయండి. మిగిలినవి ఇంకో పదేళ్లు ఉన్నా నష్టం లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతికి సున్నం వేయించాలని చాలామంది నవంబరు, డిసెంబరుల్లో పని పెట్టుకుంటారు. మన జిల్లాలకు అదే సరిపడని కాలం. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ గాలిలో గోడ ఆరదు, పుట్టీ ఆరదు, పైకి ఆరినట్టు కనిపించి ఉగాది నాటికి పొక్కులు లేస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు అన్నిటికీ అనువు. ఏప్రిల్, మే ఎండల్లో చేయక తప్పకపోతే గోడను ముందుగా తడిపి, ఉదయం పూటే పుట్టీ పట్టించండి. కాలిన గోడ పుట్టీలోని నీటిని ఒక్కసారిగా పీల్చేస్తే అది పట్టు లేక పొడిగా రాలుతుంది.

కావలసినవి

- కరెంటు టెస్టరు, మంచి టార్చి, కొలత టేపు, రసమట్టం
- 4 అంగుళాల, 8 అంగుళాల పుట్టీ బ్లేడులు, కట్టర్ కత్తి, స్క్రూడ్రైవరు
- 80, 120, 180 నంబరు ఉప్పు కాగితాలు
- స్ప్రే సీసా, స్పాంజి, రెండు బకెట్లు, పాత్రలు తోమే ద్రావకం
- మందమైన పాలిథీన్ షీటు, వెడల్పాటి టేపు
- తెల్ల సిమెంటు పుట్టీ, దానికి తగ్గ ప్రైమరు
- ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు, దిటవైన గోతాలు
- ఏటవాలుగా ఆనించే నిచ్చెన కాకుండా, రెండు కాళ్లు విప్పి నిలబెట్టే నిచ్చెన

పుట్టీ ఎంత కావాలో లెక్క: చదునైన గోడకు రెండు పూతలు వేస్తే కిలోకు సుమారు 10 నుంచి 15 చదరపు అడుగులు వస్తుంది. టెక్స్చర్ ఉన్న గోడకు అందులో సగమే వస్తుందని లెక్క వేసుకోండి.

1. ముందు తడి ఎక్కడుందో పట్టుకోండి

ఈ పనిని దాటవేసినవాళ్లే రెండోసారి డబ్బు పెడతారు. వాల్‌పేపరు, పీవీసీ ప్యానెలు, ఫాల్స్ సీలింగు మూడూ తడిని కప్పిపెట్టగలవు. కొన్ని ఇళ్లలో వాటిని బిగించిందే ఆ మరక కనబడకుండా ఉండటానికి.

పగలు కూడా గది చీకటి చేసి, టార్చిని గోడకు ఆనించి పక్కవాటుగా వెలుగు పారించండి. ఉబ్బులు, పొక్కులు నీడలుగా తేలతాయి. బాత్‌రూం అవతలి గోడ, కిటికీల కింద, ఏసీ నీళ్ల పైపు దారి, మిద్దె మీద ట్యాంకు ఉన్నచోటి కింద భాగం తప్పకుండా చూడండి.

అనుమానం ఉన్నచోట అలంకరణను చేతి వెడల్పున విప్పి, అడుగున్నర చదరం పాలిథీన్ షీటును గోడకు నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అతికించండి. ఒక రోజంతా వదిలి తీయండి. గోడకు ఆనిన వైపు నీటి చుక్కలు ఉంటే తడి గోడ లోపలి నుంచి వస్తోంది. గదివైపు చుక్కలు ఉంటే గదిలో గాలి ఆడటం లేదు. మొదటి దానికి పైపో, మిద్దె పగులో, బయటి గోడో బాగుచేయాలి. రెండో దానికి కిటికీ, ఎగ్జాస్టు ఫ్యాను చాలు.

గోడ అడుగున రెండు మూడడుగుల ఎత్తు దాకా తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తే నేల తడి పైకి పాకుతోందని అర్థం. దాన్ని నీళ్లతో కడగకండి, ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, ఊడ్చి బయట పారేయండి. ఆ భాగం మీద కొత్త ప్యానెలు బిగించడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

2. ఫాల్స్ సీలింగు

పది అడుగుల గదిలో అడుగు కిందికి దిగిన మెట్ల సీలింగు వల్ల ఫ్యానుకు చోటు తగ్గుతుంది. ఫ్యాను రెక్కలు నేల నుంచి కనీసం 8 అడుగుల ఎత్తులో ఉండాలి, పై తలానికి కనీసం అడుగు దూరంలో ఉండాలి. ఆ దూరం లేకపోతే రెక్కలకు పైనుంచి గాలి అందదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు. పైగా అంచు గూళ్లలో దుమ్ము, బల్లులు, చచ్చిన పురుగులు.

మీది చివరి అంతస్తు అయితే ఆగండి. సీలింగు పైనున్న గాలి పొర స్లాబు వేడిని కొంత ఆపుతోంది. అది తీసేముందు మిద్దె పగుళ్లు పూడ్పించి, పైన తెల్ల కూల్‌రూఫ్ పూతో, తెల్ల టైల్సో వేయించండి. ఎండను బయటే తిప్పికొట్టడం లోపల అడ్డు పెట్టడంకన్నా మేలు. సీలింగు తీసి మిద్దెను అలాగే వదిలేస్తే మే నెలలో రాత్రి పదకొండింటికి కూడా స్లాబు సెగ కొడుతుంది.

విప్పే వరుస ఇది:

అ. ఆ గది ఎంసీబీ దించి, ప్రతి లైటు దగ్గరా టెస్టరుతో చూడండి. స్విచ్చి ఆపడం చాలదు. సీలింగు పైన ఇన్వర్టరు వైరు కూడా నడుస్తుండవచ్చు, దాన్నీ ఆపండి.

ఆ. లైట్లు, వాటి డ్రైవర్లు (లైటుకు తగ్గట్టు కరెంటును మార్చే చిన్న పెట్టెలు) తీసి, ప్రతి వైరు కొసకూ టేపు చుట్టి, ఏది ఎక్కడిదో కాగితం మీద రాసుకోండి.

ఇ. ఒక లైటు రంధ్రంలోంచి టార్చి వేసి పైన ఏముందో చూడండి. జీఐ (జింకు పూత ఇనుము) చట్రమా, చెక్క పట్టీలా, కోడి వల మీద పీవోపీనా? వల మీద పోసినదైతే బరువెక్కువ, ముక్కలుగా ఊడకుండా ఒక్కసారిగా పడుతుంది. కింద ఆసరా గుంజలు పెట్టి, అలవాటున్న మేస్త్రీతోనే చేయించండి. పాత షెడ్లలో, వెనక వరండాల్లో సీలింగుగా సిమెంటు రేకు బిగించి ఉంటే దాన్ని కోయకండి, పగలగొట్టకండి, ఉప్పు కాగితం పట్టకండి. అందులో ఆస్బెస్టాస్ నార ఉండే అవకాశం ఉంది, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, బోల్టులు విప్పి, రేకును విరగకుండా మొత్తంగా దించాలి.

ఈ. గోడ, సీలింగు కలిసేచోట కట్టర్‌తో చుట్టూ గీత కోయండి. కోయకుండా లాగితే గోడ పుట్టీ కూడా పెచ్చులుగా వస్తుంది.

ఉ. బోర్డును రెండడుగుల ముక్కలుగా కోసి దించండి. 6 అడుగులు, 4 అడుగుల జిప్సం బోర్డు ఒక్కటే పదిహేను కిలోల పైన తూగుతుంది. నిచ్చెన మీద ఒక్కరే పట్టుకోలేరు.

ఊ. తర్వాత కింది సెక్షన్లు, వాటి పై చానెళ్లు, వేలాడే యాంగిళ్లు, చివరికి గోడ చుట్టూ ఉన్న చానెలు. ఈ ఇనుము పాత సామాన్లవాళ్లు తూకానికి తీసుకుంటారు.

ఋ. స్లాబులో దిగిన యాంకర్ బోల్టులను సుత్తితో పీకకండి, చుట్టూ కాంక్రీటు లేచివస్తుంది. గ్రైండరుతో స్లాబు మట్టానికి కోసి, కోసిన కొసకు తుప్పు పట్టనివ్వని ప్రైమరు రాసి, ఆపైన పాలిమర్ సిమెంటు మోర్టారుతో పూడ్చండి. ప్రైమరు మరిచిపోతే ఏడాది తిరక్కుండా పైకప్పు నిండా గోధుమరంగు చుక్కలు వస్తాయి. పీవోపీతో పూడ్చడం కూడా వద్దు. తడి తగిలితే అది మెత్తబడిపోతుంది.

పైన స్లాబు కమ్మీలు బయటపడి తుప్పు పట్టి ఉన్నా, పెచ్చులు ఊడుతున్నా అలంకరణ పని అక్కడితో ఆపి ఇంజినీరును పిలవండి. పుట్టీతో కప్పే విషయం కాదది.

ఫ్యానుకు సీలింగు కోసం వేసిన పొడుగు రాడ్డు మార్చి పొట్టిది వేయించడం మరవకండి. రాడ్డు పై కొసన, కింది కొసన బోల్టులకు స్ప్లిట్ పిన్ను గుచ్చి విప్పారించి ఉందో లేదో మీ కళ్లతో చూడండి.

మొత్తం తీయలేకపోతే? మెట్లు మాత్రం విప్పి, స్లాబుకు 4 అంగుళాల కింద ఒకే మట్టం జిప్సం వేయించుకోవచ్చు. లేదా వైర్లు దాగేందుకు ఒక గోడ పొడవునా అడుగు వెడల్పు పట్టీ ఉంచి మిగతాది తీసేయవచ్చు. రెండోది ఖర్చు తక్కువ, చూపుకూ బాగుంటుంది.

విరిగిన జిప్సం, పీవోపీ ముక్కల్ని ఇంటింటికీ వచ్చే చెత్తబండిలో వేయకండి, కాలువలో అసలే పోయకండి. నవంబరు 2021 వరదల్లో తిరుపతి వీధుల్లో నీళ్లు నిలవడం చూసినవాళ్లకు కాలువ పూడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గోతాల్లో కట్టి, కట్టడ వ్యర్థాలు తీసుకునే చోటు నగరపాలక కార్యాలయంలో అడిగి అక్కడికే పంపండి.

3. వాల్‌పేపరు, పీవీసీ ప్యానెళ్లు

వాల్‌పేపరు మీదే రంగు వేసేయవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. రంగులోని నీటికి కింది జిగురు మెత్తబడి, అతుకుల దగ్గర కాగితం విచ్చుకుంటుంది.

మూల దగ్గర బ్లేడు దూర్చి పై వినైల్ పొరను నెమ్మదిగా, గోడకు దగ్గరగా వంచి లాగండి. ఎదురుగా లాగితే చిరుగుతుంది. వెనక తెల్ల కాగితం గోడకే మిగిలిపోతుంది. బకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల పాత్రల ద్రావకం కలిపి స్ప్రే చేయండి. పదిహేను నిమిషాలు ఆగండి. ఎక్కువమంది ఇక్కడే తొందరపడి, పొడిగా ఉండగానే గీకి గోడకు గాట్లు పెడతారు. కాగితం నల్లబడి మెత్తబడ్డాక 4 అంగుళాల బ్లేడును గోడకు దాదాపు ఆనించినట్టు వాల్చి తోస్తే పొరలుగా వస్తుంది. రాకపోతే బలం వాడకండి, ఇంకోసారి తడపండి. స్విచ్చి బోర్డుల దగ్గర స్ప్రే వద్దు, కరెంటు ఆపి తడి స్పాంజితో అద్దండి.

కాగితం పోయాక జిగురు మిగులుతుంది, కంటికి కనబడదు. గోడను తడిపి వేలితో రాయండి. జారుడుగా, బంకలా తగిలితే జిగురు ఉన్నట్టే. ఒక బకెట్లో శుభ్రమైన నీళ్లు, ఇంకో దాంట్లో స్పాంజి పిండేందుకు నీళ్లు పెట్టుకుని, వేలికి గరుకు తగిలేదాకా తుడవండి. జిగురు మీద వేసిన రంగు ఆరేటప్పుడు మొసలి చర్మంలా పగులుతుంది.

ప్యానెళ్ల వెనక నల్ల బూజు కనిపిస్తే పొడి చీపురుతో దులపొద్దు, గదంతా పాకుతుంది. మాస్కు, తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి పది వంతుల నీళ్లు కలిపి గుడ్డతో అద్దండి. పది నిమిషాల తర్వాత మంచినీళ్లతో తుడవండి. బ్లీచింగ్‌లో ఇంకే యాసిడ్ గాని, బాత్‌రూం క్లీనరు గాని కలపకండి, విషవాయువు వస్తుంది. తర్వాత పాలిథీన్ పరీక్ష మళ్లీ చేసి, పొడిగా ఉందని తేలాకే పుట్టీ.

ఖాళీ అయిన టీవీ గోడకు మళ్లీ గాడుల ప్యానెలు ఎక్కించకుండా సాదాగా వదలండి. అలంకరణ కావాలంటే శ్రీకాళహస్తి చేతి కలంకారీ ఒక్కటి చట్రం కట్టించి పెట్టినా గోడ నిండుతుంది. పడమటి ఎండ నేరుగా పడే గోడ మాత్రం వద్దు, సహజ రంగులు వెలిసిపోతాయి. తడి గోడకు అసలే వద్దు.

4. టెక్స్చర్ గోడను చదును చేయడం

ఉలితో చెక్కించాలని చూడకండి. గోడ ప్లాస్టరే పోతుంది. ముందు బ్లేడుతో ఎత్తు ముక్కుల్ని గీరి, 80 నంబరు ఉప్పు కాగితంతో కొనలు తగ్గించండి. దుమ్ము తడిగుడ్డతో తుడిచి, ప్రైమరు ఒక పూత వేసి ఆరనివ్వండి.

టెక్స్చర్ లోతు మూడు మిల్లీమీటర్లు దాటితే మొదట ముతక రకం పుట్టీ, ఆపైన సన్నది. పుట్టీనే పెయింటర్లు లప్పం అంటారు. కిలో పొడికి 350 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఉండల్లేకుండా కలిపి, పది నిమిషాలు నాననిచ్చి మళ్లీ కలపండి. రెండు మూడు గంటల్లో అయిపోయేంతే కలపాలి. గట్టిపడ్డాక నీళ్లు పోసి మళ్లీ కలిపినది గోడకు పట్టదు. ఇది సాధారణంగా జరిగే మోసం కూడా, పక్కన నిలబడి చూసుకోండి.

సన్న పుట్టీ రెండు పూతలూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. మొదటి పూత కింది నుంచి పైకి, రెండోది అడ్డంగా. మధ్యలో కనీసం ఆరు గంటలు. మరునాడు 120, తర్వాత 180 కాగితం. రాత్రి టార్చి పక్కవాటుగా వేసి, నీడ పడిన ప్రతిచోటా పెన్సిలుతో సున్నా చుట్టి, అక్కడ మాత్రం మళ్లీ అద్దండి. పగటి వెలుగులో ‘బాగుంది’ అని ఒప్పుకుని డబ్బులిచ్చేస్తే, లైటు వేసిన తొలి రాత్రే గోడ అలలు అలలుగా కనిపిస్తుంది.

5. లైట్లు

ఇంటినంతా మందుల దుకాణంలా చేసే 6500 కెల్విన్ తెల్ల లైట్లు మార్చడమే ఈ మొత్తంలో చవకైన పని. కెల్విన్ అంటే వెలుగు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు. పడకగదికి 3000, హాలుకు 3000 లేదా 3500, వంటింటికి 4000. పెట్టె మీద అంకె చూసి కొనండి, ‘వార్మ్’ అన్న మాట ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు. ఒక గదిలో రెండు రంగులు కలపకండి. సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80కి తగ్గితే చీర రంగు కూడా సరిగా తెలియదు, 90 దొరికితే తీసుకోండి.

6. వంటింటి మెరుపు తలుపులు

పెట్టెలు బాగుంటే తలుపులు మార్చితే చాలు. సింకు కింద పెట్టెలో స్క్రూడ్రైవరు మొనతో అడుగు పలకను నొక్కండి. దిగితే అది ఉబ్బిన పార్టికల్ బోర్డు, ఆ పెట్టె మార్చాల్సిందే. గట్టిగా ఉంటే ఉంచండి.

మన వైపు చాలా ఇళ్లలో గూళ్లకు కడప బండలే ఉంటాయి. వాటిని పగలగొట్టి మాడ్యులర్ పెట్టించుకోవాలనే ఆలోచన మానుకోండి. బండ ఉబ్బదు, చెదలు పట్టదు. దానికి చెక్క చట్రం బిగించి కొత్త తలుపులు పెడితే వంటిల్లు కొత్తదైపోతుంది.

కొలతలో జాగ్రత్త. బండల గూడు ఎప్పుడూ నాలుగు మూలలూ సరిగా ఉండదు. చట్రం బిగించాకే వెడల్పు పైన, మధ్య, కింద మూడుచోట్ల, ఎత్తు కూడా మూడుచోట్ల కొలిచి, తక్కువ వచ్చిన అంకెను తీసుకోండి. చట్రం లోపల కూర్చునే జంట తలుపులకు లెక్క ఇలా: వెడల్పు 900 మిల్లీమీటర్లయితే రెండు పక్కలా రెండేసి, మధ్యలో మూడు తీసేయండి. మిగిలిన 893లో సగం, 446. సన్‌మైకా మందం కూడా ఈ 446 లోపలే ఉండాలని వడ్రంగికి చెప్పండి. ఇది చెప్పకపోతే తలుపులు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. తడి తగిలే చోటికి ఐఎస్ 710 ముద్ర ఉన్నది, మిగతాచోట్ల ఐఎస్ 303 నీటినాపే రకం. బయటివైపు మాట్ సన్‌మైకా, లోపలివైపు కూడా తప్పకుండా మైకా. ఒక్కవైపే అతికిస్తే పలక వంగుతుంది. మూడడుగుల లోపు ఎత్తుకు రెండు బందులు, దాటితే మూడు.

7. గచ్చు, టైల్స్

పాత ఇల్లయి, కింద ఎర్ర ఆక్సైడ్ గచ్చు ఉంటే దయచేసి దానిమీద టైల్స్ వేయకండి. అంత చల్లటి నేల ఇవాళ ఎంత డబ్బిచ్చినా తేలిగ్గా దొరకదు. యాసిడ్ తగలనివ్వకండి. మెత్తటి సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరాక గుడ్డకు నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసి పల్చగా రుద్ది, పొడిగుడ్డతో ఆసాంతం తుడిచేయండి. నూనె మిగిలితే జారుతుంది.

అద్దంలా మెరిసే టైల్స్ హాల్లో ఉంటే ఉండనివ్వండి. బాత్‌రూంలో, మెట్ల మీద ఉంటే మాత్రం వాటినే ముందు మార్చండి, పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది అలంకరణ సంగతే కాదు. జారని రకం అడగండి, నమూనా మీద నీళ్లు పోసి అరికాలితో తొక్కి చూడండి.

పాత టైలు మీదే కొత్తది వేయాలంటే ప్రతి టైలునూ చెక్క పిడితో తట్టండి. డొల్ల శబ్దం వచ్చినవి పీకి ఆ గుంటలు పూడ్చాలి. నున్నటి పైపొరను గ్రైండరుతో గరుకు చేయించి, టైలు మీద టైలుకు పనికొస్తుందని సంచి మీద రాసి ఉన్న జిగురే వాడాలి. మామూలు సిమెంటు పాలు పట్టవు. నేల సుమారు 15 మిల్లీమీటర్లు లేస్తుంది, కాబట్టి తలుపుల అడుగు కోయాలి. బాత్‌రూం నేల హాలుకన్నా ఎత్తు కాకుండా చూసుకోవాలి. జాలీ వైపు వాలు మీటరుకు కనీసం 10 మిల్లీమీటర్లు.

డబ్బు చివరి విడత ఇచ్చేముందు

రంగు వేసిన ఏడో రోజు ప్యాకింగ్ టేపు ముక్క గోడకు గట్టిగా రుద్ది ఒక్కసారిగా లాగండి. టేపుకు రంగు అంటితే కింద దుమ్మో, జిగురో, తడో మిగిలింది. ఆ గోడ మళ్లీ చేయించండి.

బాత్‌రూం నేల మీద బకెట్టు నీళ్లు కుమ్మరించి పది నిమిషాల తర్వాత వెళ్లండి. ఎక్కడైనా మడుగు నిలిస్తే వాలు తప్పింది. ఫ్యాను ఐదో నంబరులో వదిలి రాడ్డు ఊగుతుందేమో చూడండి. వంటింటి తలుపులన్నీ సగం తెరిచి వదలండి. తనంతట తను మూసుకుపోయేది, జారి తెరుచుకునేది ఉంటే బందుల స్క్రూలు సర్దించండి.

కొత్త గోడలకు బీరువా, సోఫా ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. తొలి వానాకాలం గడిచాక మొదటి భాగంలో టార్చితో చూసిన చోట్లన్నీ మరోసారి తిరిగి రండి.